బంగారక్కకు సోవియట్ బిరుదు

మా నాయనమ్మ పాపాయమ్మ సోవియట్ ప్రభుత్వం బిరుదిచ్చిన కళాకారిణి. బిరుదు వచ్చింది 1982లో. ఆ సంగతి ఆమెకు తెలిసింది 2005లో, అదీ దుబాయ్‌లో, నైఫ్ అనే బజారులో ఒక గౌన్ల కొట్టులో. మధ్యలో ఉన్న ఇరవై మూడేళ్ళూ ఆ బిరుదును మా తాత వాడుకున్నాడు. జాగ్రత్తగానే వాడుకున్నాడు, ఎక్కడా గీత పడనివ్వలేదు.

తాత పేరు కోటిలింగం. నరసరావుపేట దగ్గర తోలుబొమ్మలాట ఆడే కుటుంబం మాది. తాత మేళానికి పెద్ద. రావణుడు, హనుమంతుడు, కేతిగాడు ఆయన గొంతులు. సీత, మండోదరి, శూర్పణఖ, లంకిణి, బంగారక్క నాయనమ్మ గొంతులు. బంగారక్క ఎవరని రామాయణంలో వెతక్కండి, దొరకదు. సీతమ్మతో పాటు ఏడ్చి ఏడ్చి జనం అలసిపోతారు కాబట్టి, మధ్యమధ్యలో బంగారక్క, కేతిగాడు తెర మీదికి వచ్చి తిట్టుకుంటారు. ఎదురుగా కూర్చున్నది మునసబైనా, మోతుబరైనా, దారోగా అయినా, ఎవరినైనా ఏమైనా అనే హక్కు బంగారక్కకు ఉంది. బొమ్మ అన్నదానికి మనిషి మీద కోపం పెట్టుకోకూడదన్నది మా కట్టుబాటు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. తెర కట్టి దీపం వెలిగించాక, మేళంలో ఆడవాళ్ళు తెర ముందుకు రాకూడదు. జనమంతా వెళ్ళిపోయి దీపం ఆర్పేదాకా తెర విప్పకూడదు. అందువల్ల చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ నాయనమ్మ గొంతు తెలుసు, మొహం తెలియదు. ఆట మధ్యలో ఎవరైనా ముచ్చటపడి "బంగారక్కకు చీర" అని చదివిస్తే, మేళం పెద్ద ముందుకు వెళ్ళి పుచ్చుకుంటాడు. ఆ చీరలు నీ దాకా వచ్చేవా అని నాయనమ్మను ఒకసారి అడిగాను.

"కొన్ని వచ్చేయి. కొన్ని దారి తప్పేయి" అంది.

1982లో సోవియట్ స్నేహ సంఘం వాళ్ళు మా మేళాన్ని సోవియట్ దేశం పంపారు. ఏడుగురు మనుషులు, రెండు బొమ్మల పెట్టెలు, హార్మోనియం, ఆవకాయ జాడీ వెళ్ళాయి. తాష్కెంట్‌లో లంకాదహనం ఆడారు. ఆట అయ్యాక ఒక కమిటీ లేచి తెర వెనక్కి వచ్చింది. ఆ కమిటీకి పెద్దావిడ అక్కడి బొమ్మలాటల్లో తలపండిన మనిషట. వెనక ఐదుగురు ఆడవాళ్ళు ఉంటారనుకుని వచ్చింది. చూస్తే గోనెపట్టా మీద ఒక్కతే కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. ఆవిడ దుబాసీతో పేరు అడిగించి, కాగితం మీద రాసుకుంది.

పేరు రాసుకున్నారంటే కేసేనని నాయనమ్మ తేల్చుకుంది. ఆమె ఎరిగిన లోకంలో ఆడదాని పేరు రాసుకునేవాళ్ళు రెండు రకాలే: పోలీసులు, కుటుంబ నియంత్రణ వాళ్ళు. మూడో రోజు మేళాన్నంతా ఒక పెద్ద హాలుకు పిలిస్తే, కడుపునొప్పని చెప్పి హోటల్ గదిలో ముసుగు తన్ని పడుకుంది. ఆ హాల్లోనే బిరుదు ఇచ్చారు. పేరు పిలిచారు. అలవాటు ప్రకారం తాత లేచి వెళ్ళాడు. ఎర్రట్ట పుస్తకం ఒకటి, చొక్కాకు పెట్టుకునే బిళ్ళ ఒకటి చేతిలో పెట్టారు. "మీ ఆవిడకు ఇవ్వండి" అన్నాడు దుబాసీ. "అట్టాగే" అన్నాడు తాత.

రైలు నరసరావుపేట వచ్చేసరికి స్టేషన్లో బ్యాండు మేళం నిలబడి ఉంది. మనవాడికి సోవియట్ బిరుదట అని ఊరంతా వచ్చింది. ఎనిమిది దండలు పడ్డాయి, ఎనిమిదీ తాత మెడలోనే. ఆ రోజు నుంచి ఆయన సోవియట్ కోటిలింగం. ఎర్రట్ట పుస్తకానికి గాజు పటం కట్టించారు. పేటలో రష్యన్ చదవగలిగినవాళ్ళు లేరు. చదివినట్టు నటించగలిగినవాళ్ళు ఇద్దరున్నారు. ఇద్దరూ చూసి "అబ్బో" అన్నారు.

బిరుదుతో పాటు హక్కులు కూడా వస్తాయని దుబాసీ తాతకు చెప్పాడట. అక్కడ అలాంటి బిరుదున్న కళాకారుడికి సాధన చేసుకోవడానికి మామూలు వాటా కంటే ఇరవై చదరపు మీటర్లు ఎక్కువ చోటిస్తారట. వరసలో నిలబడనక్కర్లేదట. తాత ఆ హక్కుల్ని ఇంటికి తెచ్చుకున్నాడు. వాటిలో కొన్ని అక్కడి ప్రభుత్వం ఎరిగి ఉండదనే నా అనుమానం. మొదటి దోసె ఆయనదే అన్నది అలాంటిది.

1991లో ఆ దేశమే లేకుండా పోయింది. "ఇంకేం మామా, బిరుదు కూడా పోయినట్టే గదా" అని ఊళ్ళో ఎవరో ఎగతాళి చేశారు. తాత ఒక రాత్రంతా ఆలోచించి పొద్దున్నే జవాబు చెప్పాడు. "ఇచ్చినోడే రద్దు చెయ్యాలి. ఇచ్చినోడు లేడు. ఇంక దీన్ని రద్దు చెయ్యగల మొనగాడు పుట్టలేదు."

దీనికి ఎదురు చెప్పగలిగిన మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు.

మా నాన్న బొమ్మలు వదిలేసి, అమ్మను, కూతురినైన నన్ను తీసుకుని దుబాయ్ వచ్చి నైఫ్‌లో ఒక కార్గో ఆఫీసులో కుదిరాడు. రష్యన్లు వచ్చి మూటలు మూటలుగా కొనే బట్టల్ని, బూట్లని సంచుల్లో కుట్టి వాళ్ళ దేశానికి పంపే ఆఫీసు అది. రోజుకు వంద సంచుల మీద రష్యన్ చీటీలు అంటించేవాడు. ఒక్క అక్షరం రాదు. నేను పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పాక, మూడోసారి ఎందుకులే అని అదే ఆఫీసులో సంచుల మూతులు కుట్టే పనిలో చేరాను. 2003లో ముదీర్‌ను, అంటే మేనేజరును, బతిమాలి వీసాలు ఇప్పించి, నాన్న తాతను, నాయనమ్మను కూడా తెచ్చుకున్నాడు.

నైఫ్‌లో మేముండేది పాత బిల్డింగులో మూడో అంతస్తు. ఫ్లాటులో ఒక గది మాది. హాల్లో చెక్క అడ్డం పెట్టి వజీరాబీ ఉండేది. రాయచోటి మనిషి, బ్యాచిలర్లకు క్యారియర్లు వండి పంపేది. అందరికీ ఒకటే బాత్‌రూం. తాత దిగిన రోజునే గదిని అడుగులతో కొలిచాడు.

"ఇరవై మీటర్లు ఏవిరా?" అని నాన్నను అడిగాడు.

"మన గది మొత్తం పద్దెనిమిది నాన్నా."

"సర్లే, సర్దుకుంటా" అని పద్దెనిమిదీ తీసుకున్నాడు. ఏసీ కింద మంచం ఆయనది. తెల్లవారి బాత్‌రూంకు మొదటి వంతు ఆయనది. వజీరాబీ మొదట్లో "ఎవరమ్మా ఈ నవాబు?" అంది. పటం చూపించాక, బిరుదున్న మనిషిలే అని తనూ పక్కకు జరిగింది. నాయనమ్మ ఫ్రిజ్‌కు, మంచానికి మధ్య చాప మీద పడుకునేది. ఫ్రిజ్ కూడా బాగానే పాడుతోందని అనేది.

2005 మొదట్లో ఒక శుక్రవారం మా గదికి రామ్మోహనరావుగారు వచ్చారు. పెద్ద కంపెనీలో ఇంజనీరు, తెలుగు కళా సంఘానికి అధ్యక్షుడు. సోవియట్ బిరుదున్న తోలుబొమ్మల కళాకారుడు నైఫ్‌లో ఉన్నాడని ఎవరో చెబితే నమ్మలేక చూడటానికి వచ్చారు. పటం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఉగాది సభలో మీకు సన్మానం చేద్దామండీ. ముందొక ఇరవై నిమిషాలు ఆట, ఆ తర్వాత శాలువా. ఏమంటారు?"

"వరసలో ఎన్నోది?" అన్నాడు తాత.

"మీదే మొదటిదండీ."

"అయితే సరే."

"ఒక్క చిన్న సాయం. ఈ బిరుదు పత్రాన్ని ఇంగ్లీషులోకో తెలుగులోకో మార్పించి ఇస్తే, సభలో చదువుతాం. ఎవరికిచ్చారు, దేనికిచ్చారు అన్నది స్పష్టంగా ఉండాలి కదా."

తాత మొహంలో ఏదో కదిలింది. నేను గమనించాను గానీ, తిన్నది అరగలేదేమోననుకున్నాను. ఆ మధ్యాహ్నం ఆయన వజీరాబీ బిర్యానీ రెండుసార్లు పెట్టించుకున్నాడు.

"ఆ పటం విప్పితే గాలి తగిలి కాగితం పాడైపోద్ది" అన్నాడు మూడు రోజులు. నాలుగో రోజు ఆయన బాత్‌రూంలో ఉండగా నేనే విప్పి, పుస్తకాన్ని సంచిలో వేసుకున్నాను. జాకెట్టు హుక్కులు కొనాలంటూ నాయనమ్మ నాతో వచ్చింది.

మా ఆఫీసు కింద గౌన్ల కొట్టులో జుల్ఫియా అని ఉజ్బెక్ ఆవిడ పనిచేసేది. యాభై ఏళ్ళుంటాయి. వాళ్ళ దేశంలో సంగీతం టీచరు, ఇక్కడ పెళ్ళి గౌన్లు అమ్మేది. హిందీ సినిమాలు చూసి నేర్చుకున్న హిందీ ఆమెది. అందుకే "ఈ గౌను సైజు లేదు" అన్నా కూడా ప్రాణం పోతున్నట్టే చెప్పేది.

ఎర్రట్ట చూడగానే జుల్ఫియా చేతిలో హ్యాంగరు కింద పెట్టింది. చేతులు తుడుచుకుంది. పుస్తకం తెరిచి చదివింది. మళ్ళీ చదివింది.

"పాపాయమ్మ ఎవరు?" అని హిందీలో అడిగింది.

నాయనమ్మకు హిందీ రాకపోయినా తన పేరు అర్థమైంది. నా వెనక్కి జరిగింది. "నేనే. ఎందుకంట? నేనేం చెయ్యలేదు" అంది.

జుల్ఫియా గుండెల మీద చెయ్యి పెట్టుకుని తల వంచింది. తన కుర్చీ తెచ్చి నాయనమ్మను కూర్చోబెట్టింది. అప్పుడు గౌన్లు చూడటానికి వచ్చిన ఇద్దరు రష్యన్ ఆడవాళ్ళను పక్కకు జరగమని, వేలు పెట్టి ఒక్కొక్క వరసా చదివి చెప్పింది. బొమ్మలాటలో ఒక్క గొంతుతో ఐదుగురు స్త్రీలను బతికించినందుకు పాపాయమ్మ అనే కళాకారిణికి గౌరవ బిరుదు. కింద సంతకం, ముద్ర. అంతే. కోటిలింగం అన్న మాట ఎక్కడా లేదు. నేను మూడుసార్లు అడిగాను.

"మా స్కూలు డైరెక్టరు దీనికోసం ఇరవై ఏళ్ళు ఎదురుచూశాడు. రాలేదు. అలాగే పోయాడు" అంది జుల్ఫియా. ఈసారి నిజంగానే కళ్ళు తుడుచుకుంది.

నేను తెలుగులో చెప్పాను. నాయనమ్మ కళ్ళజోడు సర్దుకుంది. తర్వాత, "నా పేరు ఏ వరసలో ఉందో చూపించమను" అంది. జుల్ఫియా చూపించింది. నాయనమ్మ ఆ వరస మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కింది, చెరిగిపోతుందో లేదో చూస్తున్నట్టు. చెరగలేదు.

జుల్ఫియా చెబుతుంటే నేను తెలుగులో ఒక కాగితం మీద రాసుకున్నాను. హుక్కులు కొనడం మర్చిపోయాం.

ఇంటికి వచ్చేసరికి తాత మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నాడు. వజీరాబీ గడప దగ్గర ఉల్లిపాయలు తరుగుతోంది. నాయనమ్మ పుస్తకాన్ని మంచం మీద పెట్టింది.

"ఏమయ్యో, ఇందులో ఏం రాసుంది?"

"బిరుదు."

"ఎవురికి?"

తాత రిమోట్ అందుకుని ధ్వని పెంచాడు. టీవీలో అరబ్బీ వార్తలు వస్తున్నాయి. నాయనమ్మ వెళ్ళి స్విచ్ ఆపేసింది.

"ఎవురికయ్యా?"

"ఇద్దామనే అనుకున్నానే" అన్నాడు తాత. "సందు దొరకలా."

"ఇరవై మూడేళ్ళా?"

"టేషన్లో దండలేశారు. దండలేసినోళ్ళ ముందు ఎట్టా చెప్పేది? తర్వాత చెబుదామంటే వానలు పట్టుకున్నాయి."

"వానలు నిలిచినాక చెప్పుండొచ్చు గదా పెద్దాయనా?" అంది వజీరాబీ, ఉల్లిపాయల మీంచి తలెత్తకుండా.

"నువ్వు ఉల్లిగడ్డలు కొయ్యమ్మా" అని ఆమెను కసిరి, తాత తన చివరి అస్త్రం తీశాడు. "అయినా ఆ దుబాసీ చెప్పాడు, హక్కులు కుటుంబానికి కూడా వర్తిస్తాయని. నేను కుటుంబాన్నే గదా?"

"అయితే ఇయ్యాల్టి నుంచి నువ్వు కుటుంబానివే" అంది నాయనమ్మ. "మంచం దిగు."

తాత దిగాడు. ఆ రాత్రి ఏసీ కింద నాయనమ్మ, ఫ్రిజ్ పక్కన తాత పడుకున్నారు. తెల్లవారి బాత్‌రూం దగ్గర ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వస్తే, వజీరాబీ అడ్డం నిలబడి, "ఖలాస్ పెద్దాయనా. బిరుదు ఎవరిదో మొదటి వంతు వాళ్ళదే. పోయి వరసలో నిలబడు" అంది. వరసలో నాన్న, అమ్మ, నేను ఉన్నాం. తాత నా వెనక నిలబడ్డాడు. ఇరవై మూడేళ్ళ తర్వాత వరసలో నిలబడటం కదా, ఎక్కడ నిలబడాలో తెలియక గోడకు ఆనుకున్నాడు.

మూడు రోజుల్లో నాయనమ్మకు గొంతు పట్టేసింది. ఏసీ గాలి పడలేదు. "ఈ మంచం ఆయనకే ఇచ్చెయ్యండి. పరుపు మెత్తగా ఉండి నడుం పోతోంది. ముందు దోసె కూడా ఆయనకే పెట్టండి, అది ఎప్పుడూ మాడిపోయేదే గదా" అంది.

"మరి నీకేం కావాలి?" అని అమ్మ అడిగింది.

"నా పేరు పిలవాలి" అంది నాయనమ్మ. "నలుగురిలో పిలవాలి. అక్కడ పిలిచినప్పుడు నేను లేను. ఈసారి ఉంటా."

అమ్మ వెంటనే ఫోన్ అందుకుంది, రామ్మోహనరావుగారికి చెబుదామని. నాయనమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, నా వైపు కూడా చూసింది. "నువ్వు చెప్పొద్దు. ఆ పిల్లా చెప్పొద్దు. పుచ్చుకున్నోడే చెప్పాలి."

పుచ్చుకున్నవాడు చెప్పలేదు. నేను రాసిన కాగితాన్ని, తనే ఇస్తానని తీసుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రామ్మోహనరావుగారు ఫోన్ చేసినప్పుడల్లా, "రేపిస్తానండీ" అనేవాడు. ఈలోపు ఆహ్వాన పత్రాలు అచ్చయ్యాయి, "సోవియట్ బిరుదాంకితులు శ్రీ కోటిలింగం గారికి ఘన సన్మానం" అని. ఒకటి మా గదికి కూడా వచ్చింది. తాత దాన్ని పరుపు కింద దాచాడు. ఆ పరుపు రోజూ దులిపేది నాయనమ్మే అన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

సభ వారం ఉందనగా తాత చాప మీదికి దిగి, నాయనమ్మ పక్కన కూర్చున్నాడు.

"ఈ ఒక్కసారికి పోనీవే పాపాయీ. అచ్చయిపోయింది. ఇప్పుడు నీ పేరు చెబితే, నేను ఇన్నేళ్ళూ దొంగబిరుదుతో తిరిగానంటారు. పేట దాకా పోద్ది మాట. డెబ్బై ఏళ్ళొచ్చినాయి, ఇప్పుడు నేనెవరని చెప్పుకోను?"

నాయనమ్మ బంగారక్క బొమ్మ చేతి కీలుకు దారం ముడేస్తోంది. నాలుగు బొమ్మల్ని పేట నుంచి సూట్‌కేసు అడుగున చీరల మధ్య పెట్టుకుని తెచ్చింది ఆమే.

"ఆట ఆడతా" అంది. "నాకు ఆటతో పేచీ లేదు."

ఇంతకు మించి ఒక్క మాట అనలేదు. తాతకు అసలు భయం అక్కడ మొదలైంది. నాయనమ్మ తిట్టినప్పుడు ఆయన ఎప్పుడూ భయపడలేదు.

ఉగాది తర్వాత వచ్చిన శుక్రవారం సాయంత్రం, ఒక స్కూలు హాల్లో సభ. ఐదు వందల మంది వచ్చారు. రెండు తెల్ల పంచెలు కలిపి కుట్టిన తెర, వెదురు గడలు లేక ఏసీ పైపులకు కట్టిన తాళ్ళు, ఆముదం దీపానికి బదులు పెద్ద బల్బు. నాన్న హార్మోనియం ముందు కూర్చున్నాడు. నాయనమ్మ ప్లాస్టిక్ చాప మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా దోపుకుని, కాళ్ళ కింద చెక్కలు పెట్టుకుంది. తెర మీద కొట్లాట వచ్చినప్పుడు టకటకమని మోగించడానికి ఆ చెక్కలు. ఆమె ముందొక మైకు, తాత ముందొక మైకు.

హనుమంతుడు సీతను చూసే ఘట్టం బాగానే జరిగింది. ముందు వరసలో ఒకావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం నేను సందులోంచి చూశాను. ఆ తర్వాత బంగారక్క, కేతిగాడు రావాలి. దుబాయ్‌లో ఇంటద్దెల మీద పోట్లాడుకోవాలని వాళ్ళిద్దరూ ముందే అనుకున్నారు.

"ఒరే కేతిగా!" అంది బంగారక్క. హాలంతా సర్దుకు కూర్చుంది. ఆ గొంతు అలాంటిది.

"ఏందే బంగారీ? అద్దె కట్టావా?"

"అద్దె సంగతి తర్వాత గానీ, నేను తాష్కెంట్ పోయినప్పుడు నాకో చీర పెట్టారంటగా? అదేదిరా?"

తాత చేతిలో కేతిగాడు ఒక్క క్షణం ఆగిపోయాడు. తాత నాయనమ్మ వైపు చూశాడు. ఆమె తెరనే చూస్తోంది.

"చీరా? ఏం చీరే?"

"ఎర్రంచు చీర. నా పేరు పెట్టి పిలిచి ఇచ్చారంట. నువ్వు ఎగేసుకుంటా పోయి పుచ్చుకున్నావంట!"

హాల్లో నవ్వులు మొదలయ్యాయి.

"పుచ్చుకున్నానే. నీకిద్దామనే."

"ఇరవై మూడేళ్ళ నుంచి నువ్వే కట్టుకుని ఊరేగుతున్నావు గదరా పెంటముండాకొడకా! ఎట్టా ఉందిరా? నడుం కాడ బిగువుగా ఉందా? కుచ్చిళ్ళు సరిగ్గా కుదిరినాయా?"

చెక్కలు టకటకలాడాయి. జనం పడిపడి నవ్వుతున్నారు. నాన్న హార్మోనియం మీద వేళ్ళు ఆపేశాడు. బొమ్మ మాటకు కోపం తెచ్చుకోకూడదు. కానీ జవాబు మాత్రం చెప్పాలి. నలభై ఏళ్ళలో కేతిగాడు జవాబు చెప్పకుండా ఊరుకున్న ఆట లేదు.

"బిగువే బంగారీ" అన్నాడు కేతిగాడు. "ఇప్పేద్దామనే చూస్తన్నా. ఇప్పితే లోపలేం లేదే."

ఆ మాటకు హాలు దద్దరిల్లింది. వెనక వరసల్లో ఎవరో ఈలలు వేశారు. తెర వెనక మేం నలుగురం నవ్వలేదు. బంగారక్క తిరిగి ఏదో అనాలి. అనలేదు. నాయనమ్మ బొమ్మను పట్టుకుని అలాగే కూర్చుంది. నాన్న కంగారుపడి మంగళం వాయించేశాడు.

చప్పట్లు ఆగక ముందే రామ్మోహనరావుగారు మైకు అందుకున్నారు. "ఇప్పుడు ఆ మహా కళాకారుడు, సోవియట్ బిరుదాంకితులు, శ్రీ కోటిలింగం గారిని తెర ముందుకు రావలసిందిగా..."

తాత కదల్లేదు.

"కోటిలింగం గారూ, దయచేసి వేదిక మీదికి..."

తాత లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. తెర ముందుకు పోతాడనుకున్నాను. నాయనమ్మ కూడా అలాగే అనుకుని మొహం తిప్పుకుంది. ఆయన నేరుగా పైపు దగ్గరికి వెళ్ళి, తాడు ముడి మీద చెయ్యి వేశాడు. ముడి బిగుసుకుని రాలేదు. పళ్ళతో లాగాడు.

తెర ఊడి కింద పడింది.

దీపం వెలుగుతుండగా, జనం కూర్చుని ఉండగా తెర దించడం మా వంశంలో అదే మొదటిసారి. పెద్ద బల్బు వెలుగు నేరుగా ఐదు వందల మంది కళ్ళలో పడింది. చేతులు అడ్డం పెట్టుకుని వాళ్ళు చూసింది ఇది: ప్లాస్టిక్ చాప, దాని మీద మోకాళ్ళ దాకా చీర దోపుకున్న ముసలావిడ, తాడుతో కట్టుకున్న కళ్ళజోడు, చేతిలో బంగారక్క.

"చెప్పి ఇప్పొద్దా సచ్చినోడా!" అంది నాయనమ్మ. మైకు ఆమె ముందే ఉంది.

అదే గొంతు. ఇంతసేపూ విన్నది ఎవరినో హాలుకు తెలిసిపోయింది. నవ్వబోయినవాళ్ళు కూడా నవ్వలేదు.

తాత జేబులోంచి కాగితం తీశాడు. మడతల దగ్గర అప్పటికే చిరిగి ఉంది. రామ్మోహనరావుగారి చేతిలో పెట్టాడు.

"పేరు ఇందులో ఉందండీ. నేను పెట్టె మోసినోణ్ణి. పెద్దగా చదవండి, ఆమెకు కుడిచెవి సరిగ్గా వినపడదు."

రామ్మోహనరావుగారు కాగితం చూశారు, వెనక బ్యానరు చూశారు, మళ్ళీ కాగితం చూశారు. ఇంజనీరు కదా, ఏది తప్పో తొందరగానే తేల్చుకున్నారు. మైకు దగ్గరికి తీసుకుని చదివారు. "పాపాయమ్మ" అన్న చోట గొంతు పెంచారు.

నాయనమ్మ ఈలోపు చీర కిందికి లాక్కుంది. లేవలేదు.

"మళ్ళీ చదవమను" అంది తాతతో.

"మళ్ళీ చదవాలంటండీ" అన్నాడు తాత.

మళ్ళీ చదివారు. అప్పుడు లేచింది. మోకాళ్ళు పట్టేస్తే తాత చెయ్యి అందించబోయాడు. ఆ చెయ్యి పట్టుకోకుండా, పైపు పట్టుకుని లేచింది. శాలువా కప్పించుకుంది. ఫోటోకు నిలబడింది. ఫోటో తీసేవాడు తాతను కూడా పక్కన నిలబడమంటే, నాయనమ్మ ఒక్కసారి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "రా, కుటుంబానివి గదా" అంది. ఆయన వచ్చి అర అడుగు వెనకగా నిలబడ్డాడు.

రెండు మాటలు చెప్పమన్నారు. ఐదుగురు ఆడవాళ్ళ మాటలు నలభై ఏళ్ళు చెప్పిన మనిషి, మైకు పట్టుకుని జనాన్ని చూస్తూ నిలబడిపోయింది. ఇంతమంది మొహాలు ఎదురుగా ఉంటాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. "అందరూ బాగుండండి" అని మైకు ఇచ్చేసింది.

తర్వాతి అంశం చిన్నపిల్లల సినిమా డాన్సు. వాళ్ళు రంగు పూసుకుని రెడీగా ఉన్నారు. నాయనమ్మను ముందు వరసలో, రామ్మోహనరావుగారి పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. జీవితంలో మొదటిసారి ఆమె ఒక ఆటను ముందు నుంచి చూస్తోంది. పాట మొదలైంది. పిల్లలు నోళ్ళు కదుపుతూ గెంతుతున్నారు. పాట మాత్రం పెద్ద ఆడమనిషి గొంతుతో వస్తోంది. నాయనమ్మ కాసేపు విని, ఎడమ చెవి అటు తిప్పి, స్టేజీ వెనక వైపు తొంగి చూసింది.

"అయ్యా, వెనక పాడేది ఎవరు?" అని అడిగింది.

"ఎవరూ లేరండీ. సీడీ" అన్నారు రామ్మోహనరావుగారు.

"సీడీ అయితే ఏంది? ఎవరో ఒకతి పాడితేనే గదా అందులోకి వచ్చింది. బాగా పాడుతోంది. ఆమె పేరు కూడా పిలవండి."

ఆయన లేచి వెళ్ళి ఆ సీడీ కవరు తెచ్చారు. ముందు తిప్పి చూశారు, వెనక తిప్పి చూశారు. హీరో, హీరోయిన్ బొమ్మలున్నాయి.

"పేరు రాసి లేదండీ" అన్నారు.

"కనుక్కోండి" అంది నాయనమ్మ.